శక్తి సాగిపోతుంది.. పదార్థం మిగిలిపోతుంది: కొల్లేరు నేర్పే జీవశాస్త్ర పాఠం

కైకలూరు: పాఠశాలలో 'ఆవరణ వ్యవస్థ' పాఠం మొదలైన రోజున నల్లబల్లపై ఒక బొమ్మ తప్పక వెలుస్తుంది. గడ్డి, మిడత, కప్ప, పాము, గద్ద.. వాటి నడుమ బాణం గుర్తులు. విద్యార్థులు దానిని కంఠస్థం చేస్తారు, పరీక్షలో గీస్తారు, మార్కులు తెచ్చుకుంటారు. ఆ బాణాలు ఏమి మోసుకుపోతున్నాయన్న ప్రశ్న మాత్రం చాలామంది దాకా రాదు. బాణం గుర్తు ఎవరు ఎవరిని తింటారో చెప్పడానికి గీసినది కాదు. శక్తి ఎటు నుంచి ఎటు వెళుతున్నదో చెప్పడానికి గీసినది. అందుకే దాని మొన తినే ప్రాణి వైపు ఉంటుంది.

ఈ చిన్న భేదం బోధపడితే, కృష్ణా గోదావరి డెల్టాల నడుమ ఉన్న కొల్లేరు సరస్సుకు గత అర్ధ శతాబ్దంలో ఏమి జరిగిందో సులువుగా అర్థమవుతుంది. దానికి అవసరమైన సూత్రాలు రెండే. ఒకటి: శక్తి ఒకే దిశలో సాగుతుంది, మెట్టు మెట్టుకూ తరుగుతుంది, వెనక్కి తిరిగి రాదు. రెండు: పదార్థం ఎక్కడికీ పోదు, రూపం మార్చుకుంటూ అక్కడక్కడే తిరుగుతుంది. సరస్సులో పక్షులు తగ్గినా, గుర్రపుడెక్క పెరిగినా, చేపలు తెల్లవారుజామున నీటిపై తేలినా ఈ రెండు సూత్రాలలోనే కారణం దొరుకుతుంది.

వ్యవస్థ అంటే..

'ఆవరణ వ్యవస్థ' అన్న భావనకు 1935లో బ్రిటిష్ వృక్ష శాస్త్రవేత్త ఆర్థర్ టాన్‌స్లీ పేరు పెట్టారు. ఒక ప్రదేశంలోని జీవులను, వాటి చుట్టూ ఉన్న నీరు, మట్టి, గాలి, వెలుతురులను వేర్వేరుగా చూడరాదనీ, అవన్నీ కలిసి ఒకే వ్యవస్థగా పనిచేస్తాయనీ ఆయన ప్రతిపాదించారు. ఆ నిర్వచనానికి కొల్లేరు చక్కని ఉదాహరణ.

బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వంటి ఏరులూ, డెల్టా పొలాల మురుగు కాల్వలూ ఈ సరస్సులోకి నీటిని తెస్తాయి. బయటకు పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. సుమారు 60 కిలోమీటర్లు ప్రయాణించి అది బంగాళాఖాతంలో కలుస్తుంది. వానాకాలంలో సరస్సు విస్తరిస్తుంది, వేసవిలో కుంచించుకుపోతుంది. లోతు చాలా చోట్ల రెండు మీటర్ల లోపే. ఆ లోతు తక్కువతనమే కొల్లేటికి వరం. సూర్యకాంతి అడుగు దాకా చొరబడగలిగితే అడుగున కూడా మొక్క మొలుస్తుంది. మొక్క ఉన్నచోట పురుగు, పురుగు ఉన్నచోట చేప, చేప ఉన్నచోట పక్షి చేరుతాయి.

మూలధనం సూర్యుడిదే

సరస్సులోని ప్రతి ప్రాణికీ జీవన వ్యయం సూర్యుడి నుంచే అందాలి. ఆ వెలుతురును నేరుగా ఆహారంగా మార్చుకోగలిగినవి మొక్కలు, నాచు, కొన్ని రకాల బాక్టీరియా మాత్రమే. పాఠంలో వీటినే 'ఉత్పత్తిదారులు' అంటారు. కొల్లేరులో కిక్కిస గడ్డి, తామర, కలువ, నీట మునిగి పెరిగే మొక్కలు కంటికి కనిపించే ఉత్పత్తిదారులు. కంటికి కనిపించనివి ఇంకా ముఖ్యం. నీటికి లేత ఆకుపచ్చ రంగునిచ్చే సూక్ష్మమైన వృక్ష ప్లవకాలు సరస్సు అంతటా తేలియాడుతూ అనుక్షణం ఆహారాన్ని తయారు చేస్తుంటాయి.

ఆకుపై పడే సూర్యకాంతిలో మొక్క ఆహారంగా నిలవ చేయగలిగేది సుమారు ఒక శాతమే. మిగిలినది పరావర్తనం చెందుతుంది, ఆకును దాటిపోతుంది, నీటిని ఆవిరి చేయడానికి ఖర్చవుతుంది, వేడిగా పోతుంది. అంటే సరస్సుపై పడిన 10 లక్షల పాళ్ల వెలుతురులో మొక్కల ఒంట చేరేది 10 వేల పాళ్లు. మిగిలిన లెక్కంతా ఈ 10 వేలపైనే నడవాలి. కొల్లేరులోని పురుగులు, చేపలు, కప్పలు, పాములు, పక్షులు, వల వేసి బతికే మనుషులు అందరికీ ఇదే పెట్టుబడి.

మెట్టు మెట్టుకూ తరుగు

మొక్కలను తినే జీవులు మొదటి శ్రేణి వినియోగదారులు. కొల్లేరులో నాచును, ప్లవకాలను తినే జంతు ప్లవకాలు, నత్తలు, కొన్ని చేపలు ఈ వరుసలోకి వస్తాయి. వాటిని తినే పరిగె వంటి చిరుచేపలు రెండో శ్రేణి. చిరుచేపలను మింగే కొర్రమీను, వాలుగ మూడో శ్రేణి. కొర్రమీనును సైతం ఎత్తుకుపోగల పెద్ద పక్షి ఆ పైమెట్టు.

ఒక మెట్టు నుంచి పై మెట్టుకు శక్తి పూర్తిగా చేరదు. ప్రతి జీవీ తాను తిన్న ఆహారంలో అధిక భాగాన్ని శ్వాసించడానికి, కదలడానికి, తన శరీరాన్ని నిలుపుకోవడానికి ఖర్చు చేస్తుంది. ఆ ఖర్చు చివరకు వేడిగా మారి గాలిలో, నీటిలో కలిసిపోతుంది. తిన్నదంతా జీర్ణం కాదు. చనిపోయిన జీవులన్నీ మరొక జీవి నోటికి చిక్కవు. ఇవన్నీ పోగా శరీరంగా మారి పై మెట్టుకు అందేది ఇంచుమించు పదో వంతు. దీనినే పాఠంలో 'పది శాతం నియమం' అంటారు.

ఈ లెక్కకు పునాది వేసినది కూడా ఒక సరస్సే. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో సీడర్ బాగ్ లేక్ అనే చిన్న సరస్సును రేమండ్ లిండెమన్ అనే యువ శాస్త్రవేత్త అధ్యయనం చేశారు. జీవుల జాబితా రాయడంతో ఆగకుండా ఒక మెట్టు నుంచి మరో మెట్టుకు ఎంత శక్తి చేరుతున్నదో లెక్క కట్టారు. ఆ వ్యాసం 1942లో వెలువడింది. దానిని అచ్చులో చూసుకోకుండానే అదే ఏడాది 26 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు. పదో వంతు అన్నది కచ్చితమైన అంకె కాదు, సగటు మాత్రమే. చోటును బట్టి, జీవులను బట్టి అది 5 శాతం నుంచి 20 శాతం వరకు మారుతుంది. తరుగు ఉండడం మాత్రం మారదు.

డెల్టా రైతుకు ఇది తెలియని సంగతి కాదు. కాలువ మొదట్లో నిండుగా పారిన నీరు, దారిలో ఇంకిపోతూ, ఆవిరవుతూ, తూముల్లోకి మళ్లుతూ చివరి భూములకు చేరేసరికి సన్నని ధార అవుతుంది. శక్తి ప్రవాహమూ అంతే. ఒక్క తేడా ఉంది. ఇంకిన నీరు ఎక్కడో బావిలో ఊరవచ్చు. వేడిగా పోయిన శక్తి మళ్లీ ఏ ఆకుకూ అందదు. అందుకే ప్రతి ఉదయం సూర్యుడు కొత్తగా పెట్టుబడి పెట్టవలసిందే.

గూడబాతు కంచంలో ఎంత?

ఇప్పుడు కొల్లేటి లెక్క చూడవచ్చు. 10 లక్షల పాళ్ల వెలుతురులో మొక్కలకు 10 వేలు. జంతు ప్లవకాలకు 1,000. పరిగె చేపకు 100. కొర్రమీనుకు 10. ఆ కొర్రమీనును మింగిన పక్షికి 1. పది లక్షలతో మొదలైన ఖాతా ఒకటి దగ్గర ముగిసింది. ఆహారపు గొలుసులు నాలుగైదు మెట్లు మించి సాగకపోవడానికి కారణం ఇదే. ఆపైన మరో జీవిని పోషించేటంత మిగలదు.

అదే పక్షి కొర్రమీనును వదిలి పరిగెలనే తింటే దానికి దక్కేది 1 కాదు, 10. గొలుసులో ఒక్క మెట్టు తగ్గితే అంతే వెలుతురుతో పది రెట్ల పక్షులు బతకవచ్చు. చిరుచేపల మంద సరస్సుకు ఎంత ముఖ్యమో దీనిని బట్టి గ్రహించవచ్చు. నిజానికి సరస్సులో ఒక జీవి ఒకే ఆహారంపై ఆధారపడదు. పరిగెను కొంగ తింటుంది, నీటికాకి తింటుంది, లకుముకి పిట్ట తింటుంది, కొర్రమీనూ తింటుంది. ఈ గొలుసులన్నీ అల్లుకుని 'ఆహార జాలకం' ఏర్పడుతుంది. ఒక పోగు తెగినా మిగిలినవి నిలుపుతాయి. పునాదిలోని పోగులే తెగితే నిలిపేది ఉండదు.

కొల్లేటి గూడబాతు చరిత్ర ఇందుకు సాక్ష్యం. పశ్చిమ గోదావరి ప్రాంతంలోని ఆరేడు గ్రామంలో చెట్లపై గూళ్లు కట్టుకున్న గూడబాతుల భారీ స్థావరాన్ని పక్షి శాస్త్రవేత్త కె.కె. నీలకంఠన్ 1949లో ఒక వ్యాసంలో లోకానికి పరిచయం చేశారు. 1970ల నాటికి ఆ స్థావరం అంతరించింది. ఆ తరువాత చాలా ఏళ్లకు కైకలూరు సమీపంలోని ఆటపాకలో గూడబాతులు మళ్లీ గూళ్లు కట్టడం మొదలుపెట్టాయి. చెట్లు చాలకపోవడంతో అటవీ శాఖ నీటిలో ఇనుప మంచెలు నిలిపింది. వాటిపై గూళ్లు వెలిశాయి. చలికాలంలో సందర్శకులు చూసేది ఆ గూళ్లనే. గూటికి ఇనుప మంచె ఆధారం కాగలదు గాని, పిల్లల నోటికి అందే చేపకు మాత్రం విశాలమైన నీరే ఆధారం. మంచెలను పెంచినంత తేలికగా మొదటి మెట్టును పెంచడం సాధ్యం కాదు.

ఇక్కడ విద్యార్థులు పొరబడే అంశం ఒకటి ఉంది. ఏదో ఒక క్షణాన సరస్సులోని వృక్ష ప్లవకాలనంతటినీ తూచితే, వాటిని తినే జీవుల బరువు కన్నా తక్కువ తూగవచ్చు. అప్పుడు జీవ ద్రవ్యరాశి పిరమిడ్ తలకిందులుగా కనిపిస్తుంది. ప్లవకాలు కొన్ని గంటల నుంచి కొన్ని రోజులలోనే రెట్టింపు అవుతూ, అంతే వేగంగా ఆహారమైపోతుండడమే దీనికి కారణం. రోజు వ్యాపారం జోరుగా సాగే దుకాణంలో నిల్వ సరుకు తక్కువగా కనిపించినట్లే ఇదీ. శక్తి పిరమిడ్ మాత్రం ఎన్నడూ తలకిందులు కాదు.

చేపల చెరువు లెక్క వేరు

సరస్సు చుట్టూ కనుచూపు మేర విస్తరించిన చేపల చెరువులు కూడా ఆవరణ వ్యవస్థలే. అయితే వాటి ఖాతా పుస్తకం వేరు. రైతు ఎక్కువగా పెంచేది శీలావతి, బొచ్చె. వీటికి తోడు ఎర్రమోసు. బొచ్చె నీటి పైపొరలో జంతు ప్లవకాలను తింటుంది. శీలావతి నడిమి పొరలో మొక్కల సంబంధమైన ఆహారాన్ని ఎంచుకుంటుంది. ఎర్రమోసు అడుగున కుళ్లే పదార్థాన్ని ఏరుకుంటుంది. ఒకే నీటిలో మూడు రకాలు పోటీ పడకుండా పెరగడం వెనుక శాస్త్రం ఇదే. పైగా ఇవన్నీ కింది మెట్ల మీది చేపలు. గొలుసు పొట్టిది కనుక తక్కువ మేతతో ఎక్కువ చేప వస్తుంది. ఇతర జీవులను తిని పెరిగే కొర్రమీనుకు మాంసకృత్తులు అధికంగా ఉన్న మేత కావాలి. అది ఖరీదైన చేప కావడానికి ఉన్న కారణాలలో ఇదొకటి.

చెరువులో పండే చేపలకు అందులో పడే వెలుతురు ఒక్కటే చాలదు. అందుకే నూనె తీసిన తవుడు, వేరుశనగ చెక్క వంటి మేతను సంచుల్లో నింపి, సంచులకు రంధ్రాలు చేసి, నీటిలో పాతిన కర్రలకు కడతారు. చేపలు వచ్చి ఆ రంధ్రాల నుంచి తింటాయి. ఆ తవుడు ఎక్కడో వరి చేలో పడిన సూర్యకాంతి. ఆ చెక్క ఎక్కడో మెట్ట పొలంలో పడిన సూర్యకాంతి. నీటిని తోడే మోటారు, గాలిని కలిపే ఏరియేటర్ విద్యుత్తుతో నడుస్తాయి. అంటే చెరువు తన మీద పడిన వెలుతురుతో కాక, బయటి నుంచి కొని తెచ్చిన శక్తితో బతుకుతుంది. అది తప్పు కాదు. వరి చేనూ ఎరువుల రూపంలో అలాంటి సాయమే పొందుతుంది. వేలాది కుటుంబాలకు ఉపాధినిచ్చి, రోజూ లారీల కొద్దీ చేపలను పశ్చిమ బెంగాల్, అస్సాం దాకా పంపుతున్న పరిశ్రమ ఇది. సరస్సు, చెరువు ఒకటేనని, నీరు నీరేనని అనుకోవడమే పొరపాటు. ఒకటి సొంత సంపాదనపై బతికే ఇల్లు. మరొకటి బయటి సొమ్ము ఆగితే కొన్ని రోజుల్లోనే కుదేలయ్యే ఇల్లు.

పదార్థం ఎక్కడికి పోతుంది?

ఇక రెండో సూత్రం. మేతలోని శక్తి చాలా వరకు వేడిగా వెళ్లిపోతుంది. మేతలోని నత్రజని, భాస్వరం అలా పోవు. కొంత భాగం చేప ఒంట చేరి లారీ ఎక్కుతుంది. మిగిలినది తినకుండా వదిలిన మేతగా, చేపల విసర్జకాలుగా నీటిలో, అడుగు బురదలో ఉండిపోతుంది. చెరువు ఖాళీ చేసినపుడు ఆ నీరు మురుగు కాల్వల ద్వారా సరస్సు వైపు ప్రయాణిస్తుంది. డెల్టా పొలాల ఎరువులు, పట్టణాల మురుగు దానికి తోడవుతాయి.

సహజ వ్యవస్థలో ఈ పనికి 'విచ్ఛిన్నకారులు' ఉన్నాయి. బాక్టీరియా, శిలీంధ్రాలు చనిపోయిన ప్రతిదానినీ విడగొట్టి, లవణాలుగా మార్చి, తిరిగి మొక్కలకు అందిస్తాయి. కొల్లేటి కిక్కిస దుబ్బులు, నీటి మొక్కలు ఆ లవణాలను పీల్చుకుని నీటిని వడగట్టాయి. మోతాదు మించనంత కాలం ఈ చక్రం సాఫీగా తిరిగింది. నత్రజనిలో కొంత భాగాన్ని బాక్టీరియా వాయువుగా మార్చి గాలిలోకి పంపగలవు. భాస్వరానికి ఆ దారి కూడా లేదు. అది బురదలో పేరుకుంటూనే ఉంటుంది.

పోషకాలు మితిమీరితే నాచు, గుర్రపుడెక్క విజృంభిస్తాయి. దక్షిణ అమెరికా నుంచి మన దేశానికి చేరిన గుర్రపుడెక్క నీటిపై చాపలా పరుచుకుని కింది మొక్కలకు వెలుతురు అందకుండా చేస్తుంది. నీటిలో మునిగి పెరిగే మొక్కలు చనిపోతాయి. చనిపోయిన వాటిని కుళ్లబెట్టే బాక్టీరియా నీటిలోని ప్రాణవాయువును వాడేసుకుంటుంది.

చేపల రైతుకు రాత్రి నిద్ర లేకుండా చేసేది ఇదే పరిణామం. పగలు నాచు కిరణజన్య సంయోగక్రియ జరిపి నీటిలోకి ప్రాణవాయువును విడుదల చేస్తుంది. రాత్రి వెలుతురు ఉండదు కనుక విడుదల ఉండదు. శ్వాసక్రియ మాత్రం ఆగదు. నాచు, చేపలు, బాక్టీరియా అన్నీ కలిసి ఉన్న ప్రాణవాయువును రాత్రంతా వాడుకుంటాయి. తెల్లవారుజాముకు అది కనిష్ఠ స్థాయికి పడిపోతుంది. అప్పుడే చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. మబ్బు పట్టిన రోజు గడిచిన తరువాతి రాత్రి ప్రమాదం ఇంకా ఎక్కువ. పగటి సంపాదన తగ్గి, రాత్రి ఖర్చు తగ్గకపోవడమే కారణం. గాలిని నేరుగా పీల్చగలిగే కొర్రమీను, మార్పు, గొరక వంటి చేపలు ఇలాంటి నీటిలోనూ తట్టుకుంటాయి. మిగిలిన జాతులు తగ్గి ఇవే ఎక్కువగా చిక్కుతున్నాయంటే నీటి ఆరోగ్యం చెడిందనడానికి అదొక సూచన.

కింద చుక్క.. పైన గరళం

శక్తి పైమెట్టుకు పోయేకొద్దీ తరుగుతుంది. కొన్ని విషాలు పైమెట్టుకు పోయేకొద్దీ చిక్కబడతాయి. డీడీటీ తరహా పురుగుమందులు నీటిలో తేలికగా కరగవు, కొవ్వులో కరుగుతాయి, త్వరగా విచ్ఛిన్నం కావు. ప్లవకం ఒంట చేరిన అణువు బయటకు పోదు. చిరుచేప తన జీవితకాలంలో తినే వేలాది ప్లవకాలలోని విషం దాని కొవ్వులో చేరుతుంది. పెద్ద చేప తినే వందలాది చిరుచేపల విషం దాని ఒంట చేరుతుంది. చివరి మెట్టు మీద ఉన్న పక్షికి, మనిషికి అందేది ఆ మొత్తం. పాఠంలో దీనిని 'జైవిక వృద్ధీకరణం' అంటారు.

కొల్లేరు చేపల కణజాలంలో పురుగుమందుల అవశేషాలు ఉన్నట్లు 2001లో ప్రచురితమైన ఒక పరిశోధన నమోదు చేసింది. డెల్టాలో చల్లిన మందు చివరకు చేరే పల్లం కొల్లేరే కనుక ఇందులో వింత లేదు. దేశంలో వ్యవసాయానికి డీడీటీ వాడకంపై 1989లో, ఎండోసల్ఫాన్‌పై 2011లో నిషేధం వచ్చింది. చల్లడం ఆగినా, బురదలో చేరినది వెంటనే మాయం కాదు. పదార్థం ఎక్కడికీ పోదన్న సూత్రానికి ఇది కఠినమైన ఉదాహరణ.

గట్ల నడుమ సరస్సు

1980, 1990 దశకాల్లో సరస్సు గర్భంలోనే గట్లు లేచాయి. విశాలమైన నీటి పరుపు చెరువులుగా తునకలైంది. శక్తి సూత్రం ప్రకారం చూస్తే మొదటి మెట్టు వెడల్పు తగ్గింది. కిక్కిస, నీటి మొక్కలు, చిరుచేపలు పెరిగే తావు కుదించుకుపోయింది. పదార్థ సూత్రం ప్రకారం చూస్తే నీటి కదలిక మందగించి, పేరుకున్నది కొట్టుకుపోయే దారి మూసుకుపోయింది.

1999లో ప్రభుత్వం సముద్ర మట్టానికి +5 అడుగుల కాంటూరు వరకు, 308 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో కొల్లేరు అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరిట అభయారణ్యంలోని చెరువుల గట్లను పెద్దయెత్తున తెగ్గొట్టారు. ఆ తరువాతి కాలంలో గట్లు మళ్లీ తలెత్తాయన్న వివాదం న్యాయస్థానాల దాకా వెళ్లింది. అభయారణ్యం హద్దును +3కు తగ్గించాలన్న కోరిక, జిరాయితీ భూముల రైతుల పరిహారం, సరస్సునే నమ్ముకున్న మత్స్యకార గ్రామాల బతుకుతెరువు.. ఇవేవీ తోసిపుచ్చదగినవి కావు. అవి పరిపాలన, న్యాయం తేల్చవలసిన అంశాలు. అయితే ఆ చర్చలో కాంటూరు అంకె వినిపించినపుడల్లా అది భూమి కొలత మాత్రమే కాదనీ, ఆహారపు పిరమిడ్ అడుగు వెడల్పు కూడా అదేననీ గుర్తుంచుకోవాలి.

సరస్సు నీటికి మరో పని ఉంది. వరదను తనలో నింపుకుని మెల్లగా సముద్రానికి వదలడం. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచెత్తిన బుడమేరు చివరకు చేరేది కొల్లేరుకే. నీరు పరుచుకునే తావు తగ్గితే వరద ఎగువన నిలుస్తుంది. ఇందుకు విరుద్ధంగా, పై నుంచి వచ్చే నీరు సన్నగిల్లిన వేసవిలో సముద్రపు ఉప్పునీరు ఉప్పుటేరు గుండా వెనక్కి ఎగదన్నుతుంది. ఉప్పు పెరిగితే మంచినీటి మొక్కలు, చేపలు తప్పుకుంటాయి. అంటే నీటి రాకపోకలు మారితే వ్యవస్థే మారిపోతుంది.

నల్లమల నుంచి టండ్రా దాకా

ఈ లెక్క కొల్లేటికే పరిమితం కాదు. ఉష్ణోగ్రత, వర్షపాతం ఒకే తీరుగా ఉన్న విశాల ప్రాంతాల్లో ఒకే తరహా మొక్కలు, జంతువులు కనిపిస్తాయి. అలాంటి ప్రాంతాన్ని శాస్త్రజ్ఞులు 'బయోమ్' అంటారు. ఉష్ణమండల వర్షారణ్యం, ఆకురాల్చే అడవి, గడ్డి మైదానం, ఎడారి, ఉత్తరాన మంచు నేలల టండ్రా ఇలాంటివే. మంచినీటి సరస్సులు, నదులు, సముద్రాలు జల బయోమ్‌ల కిందికి వస్తాయి.

దూరదేశాల పేర్లు అవసరం లేకుండానే ఈ భేదం తెలుగు నేలపై కనిపిస్తుంది. పాపికొండల్లో తేమ గల ఆకురాల్చే అడవి, నల్లమలలో పొడి ఆకురాల్చే అడవి, ఏటా సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే అనంతపురం వైపు ముళ్లపొదలు, కాకినాడ పక్కన కోరింగలో ఉప్పునీటిని తట్టుకునే మడ అడవులు. వెలుతురు, నీరు, వేడి సమృద్ధిగా ఉన్నచోట మొదటి మెట్టు వెడల్పుగా ఉంటుంది. ఏ ఒక్కటి కొరవడినా ఇరుకవుతుంది. మెట్టు మెట్టుకూ తరుగు మాత్రం అన్నిచోట్లా తప్పదు. ఒక్క పులి కోసం నల్లమలలో అంత అడవి ఎందుకని అడిగేవారికి సమాధానం ఇదే. పులి తినే దుప్పులు, ఆ దుప్పులు తినే ఆకు పెరగడానికి అంత నేల కావాలి.

బయోమ్‌ల నడుమ గోడలు లేవు. చలికాలంలో కొల్లేరుకు వచ్చే సూదితోక బాతు ఉత్తర ఆసియాలోని చిత్తడి నేలల్లో, టండ్రా అంచుల్లో పిల్లలను పొదుగుతుంది. అక్కడ మంచు కమ్మిన నెలల్లో ఇక్కడి గింజలు, నీటి మొక్కలు, పురుగులు తిని కొవ్వు కూడబెట్టుకుంటుంది. వేల కిలోమీటర్ల తిరుగు ప్రయాణానికి ఆ కొవ్వే ఇంధనం. కొల్లేటిపై పడిన వెలుతురు ఆ విధంగా హిమాలయాలు దాటుతుంది.

విద్యార్థులు చేసి చూడదగినవి

* రెండు గాజు సీసాల్లో చెరువు నీరు, కొద్దిగా నీటి మొక్క వేసి, ఒకటి ఎండలో, ఒకటి చీకటిలో ఉంచాలి. ఎండలోని సీసాలో మొక్క ఆకులపై చేరే బుడగలను గమనించాలి. వారం తరువాత రెండు సీసాల నీటి రంగును, వాసనను పోల్చి రాసుకోవాలి.

* మధ్యాహ్న భోజనంలోని ప్రతి పదార్థం ఎన్నో మెట్టు నుంచి వచ్చిందో గుర్తించాలి. అన్నం, పప్పు మొదటి మెట్టువి. గింజలు తిన్న కోడి పెట్టిన గుడ్డు రెండో మెట్టుది. అదే వెలుతురుతో ఏది ఎక్కువ మందికి అందుతుందో లెక్క కట్టాలి.

* చేపల దుకాణంలో కనిపించే చేపల పేర్లు రాసుకుని, ఏది ఏమి తింటుందో పెద్దలను అడిగి తెలుసుకోవాలి. ఆ పేర్లతోనే ఆహార జాలకాన్ని గీయాలి. చెరువుల్లో చేతులతో వలలు వేసే పెద్దలకు ఈ విషయంలో తెలిసినంత ఏ పుస్తకంలోనూ దొరకదు.

* బొమ్మలో బాణం మొన తినే జీవి వైపే ఉన్నదా అని చివరగా సరిచూసుకోవాలి.

నేడు ఈ పాఠం చదివే పిల్లల్లో కొందరు రేపు చెరువు రైతులవుతారు, కొందరు అధికారులవుతారు, మరికొందరు సరస్సులోనే వల వేస్తారు. కొల్లేటి హద్దులపై, నీటిపై నిర్ణయాలు వారి చేతుల్లోకే వస్తాయి. నల్లబల్లపై గీసిన బాణం ఏమి మోసుకుపోతున్నదో, ఏమి వదిలిపోతున్నదో తెలిసినవారు ఆ నిర్ణయాలు తీసుకుంటే సరస్సుకూ మేలు, దానిపై ఆధారపడిన ఊళ్లకూ మేలు.